పెద్దవారికి తడి పీల్చు బట్టలు

ఇంటిలోని పసిపాప పక్క తడిపినచో నవ్వుకొనుచు గుడ్డ మార్చుదుము. అదియే డెబ్బదియేండ్ల యత్తగారికి సంభవించినచో నా సంగతి యింటిలో నెవ్వరికిని తెలియదు. ఆమె తెల్లవాఱక మునుపే లేచి, దుప్పటి తానే జాడించి, పెరటిలో నొక మూల నారవేసికొనును. కొన్నాళ్లకు పొరుగూరి పెండ్లికి రానని చెప్పును. పిమ్మట గుడికి పోవుట మానును. సాయంకాలము మొదలు మంచినీరు ముట్టుట మానును. ఏమని యడిగినచో “నాకు ఓపిక లేదమ్మా, మీరు వెళ్లిరండి” అని ముక్తసరిగా పలుకును. ఓపిక లేకపోవుట కాదు. చీర తడిసి నలుగురిలో తల వంచుకొనవలసి వచ్చునేమో యను భయమే యామెను గదిలో కూర్చుండబెట్టినదని మనము గ్రహించుటకు నెలలు పట్టును.

ఈ బాధ ముసలివారికే యని తలంపరాదు. రెండు మూడు కాన్పులైన ముప్పదియేండ్ల యిల్లాలికి తుమ్మినపుడో, నీళ్లబిందె యెత్తినపుడో నాలుగు చుక్కలు జాఱుట కలదు. గర్భాశయము క్రిందికి జాఱినవారికి, పక్షవాతము వచ్చినవారికి, మధుమేహము ముదిరినవారికి, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన మగవారికి నిది కలుగుచుండును. ఇప్పుడు మందులషాపులలో నిందుకై పలువిధములైన పట్టీలును, లాగులును, పక్కపై పఱచు షీట్లును అమ్ముచున్నారు. కాని వానిని కొని తెచ్చువారు తఱచుగా నింటి మగవారు. వారు సిగ్గుపడి, షాపువాడు చేతికిచ్చిన దానినే కాగితములో చుట్టించుకొని వచ్చెదరు. అది సాధారణముగా అన్నిటికంటె పెద్దది, అన్నిటికంటె లావైనది. ఇంటికి వచ్చిన పిమ్మట నది యొరసికొనుచున్నదనియో, కారుచున్నదనియో, ఉక్కపోయుచున్నదనియో పెద్దావిడ విప్పి పాఱవేయును. వస్తువు మంచిదే; ఆమెకు తగినది కాదు. ఏది యెవ్వరికి తగునో తెలిసికొనుట యింటి స్త్రీల చేతిలోని పని గనుక నీ వ్యాసము వ్రాయుచున్నాము.

పట్టీ కొనుటకు ముందు తడి యే తీరున వచ్చుచున్నదో కనిపెట్టవలయును. దగ్గినపుడు, నవ్వినపుడు, బరువెత్తినపుడు కొంచెము కొంచెముగా జాఱుట యొక తీరు. కటి యడుగున మూత్రాశయమును మోయు కండరములు సడలుటయే దీనికి కారణము. వచ్చుచున్నదని తోచినంతనే పరుగెత్తినను తలుపు చేరులోపలనే అంతయు వచ్చివేయుట రెండవ తీరు. మూత్రాశయము నిండకమునుపే తనంత ముడుచుకొనుట వలన నిది కలుగును. ఎప్పుడును పూర్తిగా ఖాళీ కాక, నిండిన కుండ పొరలినట్లు చుక్కచుక్కగా కారుట మఱియొక తీరు. ప్రోస్టేటు పెరిగిన మగవారిలో నిది యెక్కువ. ఇవి యేవియు లేకున్నను, మోకాళ్లనొప్పులచే మంచము దిగి మరుగుదొడ్డికి పోవునంతలో నాలస్యమై తడుపుకొనువారు గలరు. వీరికి ముందుగా కావలసినది పట్టీ కాదు. మంచము ప్రక్కన నొక కమోడు కుర్చీ, రాత్రియంతయు వెలుగు చిన్నదీపము, గోడకు పట్టుకొనుటకు నొక కడ్డీ. ఇవి యమర్చినంతనే తడి చాలవఱకు తగ్గిన యిండ్లను మేమెఱుగుదుము.

ఈ తీరులలో పెక్కింటికి చికిత్స గలదు. ముసలితనమునకు మందేమని యూరకుండుట తగదు. 1948లో అమెరికా దేశపు స్త్రీవైద్యుడు ఆర్నాల్డు కెగెల్ కటికండరముల వ్యాయామమును గుఱించి ప్రకటించెను. దగ్గినపుడు జాఱు తీరునకు వైద్యులు నేటికిని మొదట చెప్పునది కండరములను బిగించి వదలు నట్టి వ్యాయామమే. మూత్రమును మధ్యలో నాపుటకు ఏ కండరములను బిగింతుమో వానినే, మూత్రము పోయని వేళ, ఓపినంతసేపు బిగించి, అంతసేపు వదలవలయును. పూటకు ఎనిమిది పదిసారులు చొప్పున దినమునకు మూడుపూటలు, మూడునెలలు విడువక చేయవలయును. కూర్చుండి బియ్యములో రాళ్లేరుచు సయితము చేయవచ్చును, ప్రక్కవారికి తెలియదు. మలబద్ధకము, విడువని దగ్గు, మూత్రనాళమున చీము, రక్తపుపోటుకు మ్రింగు నీరుపోవు మాత్రలు కూడ తడిని పెంచును గాన వైద్యునితో నన్నియు చెప్పవలయును. మాత్రలను మాత్రము తమంత మానరాదు. మూత్రములో రక్తము కనబడినను, మంటతో జ్వరము వచ్చినను, అకస్మాత్తుగా కాళ్లు బలహీనపడి యదుపు తప్పినను, ఎంత ముక్కినను మూత్రము రాకున్నను పట్టీలషాపునకు గాక నేరుగా ఆస్పత్రికి పోవలయును.

నీరు త్రాగుట మానుటయే దీనికి వైద్యమని మన పెద్దలు తలంతురు. అట్లు మానినచో మూత్రము చిక్కబడి మూత్రాశయమును మండించును. తొందర తగ్గుటకు మాఱుగా హెచ్చును. మలబద్ధకము దానికి తోడగును. వైద్యుడు కొలత పెట్టినవారు తప్ప మిగిలినవారు పగలు చాలినంత త్రాగి, పరుండుటకు రెండుగంటల ముందుగా తగ్గించుకొనవచ్చును. సాయంకాలపు కాఫీ టీలు మానుట మేలు. మన యిండ్లలో కాఫీ మానుమనుట యెంత కష్టమో మేమెఱుగనివారము కాము. మానలేనిచో, రెండవపూట కాఫీని మూడుగంటలకే యిచ్చి వేయుడు.

ఇక పట్టీ సంగతి. పూర్వము పాతచీరల మడతలు, పంచెల మడతలు, వాని క్రింద రబ్బరుగుడ్డ, ఇంతే యుండెడిది. నూలుగుడ్డ ఉతికినకొలది మెత్తబడును; మేనికి హాయి. కాని పీల్చిన తడిని మేనికే తగిలించుచుండును. మీద బరువు పడగానే తిరిగి వదలును. ఇప్పటి పట్టీలలో నాలుగు పొరలుండును. మేనికి తగులు పైపొర తడిని క్రిందికి పోనిచ్చి తాను పొడిగా నుండును. దాని క్రిందిది ఒక్కసారిగా వచ్చిన తడిని నలుదెసలకు పఱచును. నడిమి దిండులో కఱ్ఱగుజ్జు నారయు, దానిలో చక్కెరపలుకులవంటి తెల్లనిపొడియు నుండును. అడుగున నీరు దాటనీయని పొర.

ఆ తెల్లనిపొడిలోనే యున్నది కిటుకంతయు. సోడియం పాలీఅక్రిలేటు అను నీ పదార్థము శుద్ధమైన నీటినైనచో తన బరువునకు వందలరెట్లు పీల్చి ముద్దకట్టును. మూత్రములో నుప్పుండుటచే దానిని ముప్పది నలువదిరెట్లే పీల్చగలదు. అయినను పీల్చినదానిని పైన కూర్చున్నను సులభముగా వదలదు. అదియే దాని గొప్ప. ఇట్టి పదార్థములపై 1960ల దశకమున అమెరికా వ్యవసాయశాఖవారి పరిశోధకులు పనిచేసిరి. 1980ల దశకమున నవి డయపర్లలోనికి వచ్చినవి. ఆనాటినుండి పట్టీలు పలుచబడసాగినవి. కావున లావైనదే యెక్కువ పీల్చునను నమ్మకము నిలువదు. నార దట్టముగానుండి పొడి తక్కువైన పట్టీకంటె, పలుచనై పొడి చాలినంత గల పట్టీయే మిన్న.

నెలసరి పట్టీలను దీనికి వాడుట పెక్కిండ్లలో నున్నది. అవి మెల్లగా వచ్చు చిక్కని స్రావమునకై చేయబడినవి. మూత్రము కొద్ది క్షణములలో ధారగా వచ్చును. ఆ పట్టీ పీల్చులోపలనే ప్రక్కలకు పొరలును. నాలుగు చుక్కలవారికైనను ఇందుకై చేసిన చిన్నపట్టీయే మేలు. అట్లే రాత్రికి చాలదేమోయని రెండు పట్టీలను ఒకదానిపై నొకటి పెట్టుదురు. పైదాని యడుగున నీరు దాటనీయని పొర యుండగా క్రిందిదానికి చుక్కయైన నెట్లు దిగును? లావు మాత్రము పెరిగి, తొడలసందున ఖాళీ యేర్పడి, మునుపటికంటె నెక్కువ కారును.

చిన్నపట్టీ వెనుకనుండు జిగురుతో డ్రాయరునకు నతికించుకొనునది. చుక్కలు జాఱువారికి, ఉద్యోగమునకు పోవువారికి నిది చాలును. చీరక్రింద నున్నదని యెవ్వరికిని తెలియదు. కాని యిచ్చట నొక చిక్కు గలదు. మన పెద్దవారిలో పెక్కుమంది లంగా తప్ప డ్రాయరు తొడుగు నలవాటు లేనివారు. డబ్బాపై బొమ్మలు గీసినవారు ఈ సంగతి నెఱుగరు. అతికించుటకు చోటులేని పట్టీ నాలుగడుగులు వేయగనే జాఱును. ఒకమాఱు వాకిటిలో నది జాఱిపడినచో నామె మఱల జన్మలో దానిని ముట్టదు. అట్టివారికి రెండు మార్గములు. ఒంటికి బిగువుగానుండు నూలుడ్రాయర్లు నాలుగు కొని, పట్టీ లేకుండగనే వారము పదిదినములు తొడుగుటకు అలవాటు చేయుట యొకటి. నడుమునకు ఎలాస్టిక్కు గలిగి లాగువలె పైకి లాగుకొను పట్టీని తెచ్చుట రెండవది.

ఈ లాగుపట్టీ, తొందర తీరున తడుపుకొనువారికి మిక్కిలి యనుకూలము. మరుగుదొడ్డిలో తానే దించుకొని తానే లాగుకొనవచ్చును. ఒకరి చేయి యక్కఱలేదు. బస్సుప్రయాణములకు, పెండ్లిండ్లకు, తిరుమలలో దర్శనమునకై గంటలకొలది వేచియుండుటకు నిది తగినది. తడిసినదానిని కాళ్లమీదుగా దింపక, ప్రక్కకుట్లు చింపి తీసినచో చీరకు తడి తగులదు.

మంచము పట్టినవారికి లాగుపట్టీ పనికిరాదు. వారికి ప్రక్కల టేపులతో నతికించు డయపరు కావలయును. దానిని మొదట నిలువుగా రెండుమడతలు పెట్టి విప్పినచో లోపలి నిలువంచులు లేచి నిలుచును. తొడలవద్ద కారకుండ నాపునవి యా యంచులే. పెద్దవారిని ఒక ప్రక్కకు దొర్లించి, వెనుకసగము క్రింద జొనిపి, మఱల వెల్లకిల పరుండబెట్టి, ముందుసగమును పైకి తెచ్చి, ముందుగా క్రిందిటేపులను కొంచెము పైకి వాల్చియు, తరువాత పైటేపులను కొంచెము క్రిందికి వాల్చియు నతికింపవలయును. నడువగలిగిన పెద్దవారికి మాత్రము దీనిని కట్టుట మేము మెచ్చము. దీనిని విప్పి మఱల కట్టుకొనుట వారికి చేతగాదు. మరుగుదొడ్డికి పోగలవారు సయితము దానిలోనే పోసికొనుటకు అలవాటుపడుదురు. మన తీరికకొఱకు వారికి మిగిలియున్న యదుపును మనమే పోగొట్టినవారమగుదుము.

మగవారి పట్టీ వేఱు. అది సంచివలె నుండి ముందుభాగమున పీల్చును. ఆడువారి పట్టీని మామగారికి కట్టినచో నడుమ పొడిగానుండి ముందు కారును. పంచె, లుంగీ కట్టువారికి నిది నిలుచుటకు బిగువైన డ్రాయరు గాని లంగోటి గాని యుండవలయును. మంచముపై నుండి తెలిసి చెప్పగలవారికి మూతగల మూత్రపుసీసా యొకటి చేతికందు చోట నుంచినచో పట్టీలు చాలవఱకు మిగులును.

కొలతను బరువును బట్టి గాని, చీర జాకెట్ల కొలతను బట్టి గాని చెప్పరాదు. దర్జీటేపుతో నడుమును, పిరుదులను కొలిచి, రెంటిలో పెద్దదానిని డబ్బాపై వ్రాసిన యంగుళములతో సరిచూడవలయును. ఒక కంపెనీ మీడియము మఱియొక కంపెనీ లార్జి కావచ్చును. “కొంచెము వదులుగా నుండనిండు” అను మన యలవాటు చొక్కాలకు మంచిదే, దీనికి గాదు. తొడలవద్ద వదులైనచో నెంత పీల్చునదైనను కారును. బిగువై యెఱ్ఱని గీతలు పడినచో నది చిన్నదని తెలియవలయును.

ఎంత పీల్చునది కొనవలయునో తెలిసికొనుటకు వంటింటి త్రాసు చాలును. పొడిపట్టీని తూచి, తీసిన పిమ్మట మఱల తూచుడు. ఎన్ని గ్రాములు పెరిగినదో సుమా రన్ని మిల్లీలీటర్ల తడి. రెండు మూడు దినములు పగటికి, రాత్రికి వేఱుగా వ్రాసిన కాగితము వైద్యునికిని పనికివచ్చును. పెద్దవారి మూత్రాశయము సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్లు పట్టును. అంతయు నొక్కసారి వచ్చినచో చిన్నపట్టీ యాగలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పగలు 50 గ్రాములే పెరుగుచున్నవారికి 1000 మిల్లీలీటర్ల డయపరు కట్టుట వృథావ్యయము, ఉక్కపోత. డబ్బాపై వ్రాసిన సంఖ్యను పూర్తిగా నమ్మరాదు. ప్రయోగశాలలో పట్టీని ఉప్పునీట ముంచి, వ్రేలాడదీసి తూచి చెప్పు కొలత యది. మనిషి దానిపై కూర్చుండి, నడచి, ప్రక్కకు తిరిగి పరుండినపుడు అందులో సగమైనను దక్కకపోవచ్చును.

కొత్తరకమును డబ్బాలు డబ్బాలుగా కొనక, చిన్న ప్యాకెట్టు తెచ్చి పరీక్షింపుడు. లీటరు నీటిలో చెంచాన్నర ఉప్పు కలిపి, అందులో నొక గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్లు, పట్టీ నడుమ ధారగా పోయుడు. ఎంత త్వరగా లోని కింకినదో చూడుడు. పదినిమిషములాగి, పొడి చేతిరుమాలు వేసి అఱచేతితో గట్టిగా నొక్కుడు. రుమాలు తడిసినచో పెద్దవారి చర్మమును తడియుచుండునని యర్థము. రెండు రకములను ప్రక్కప్రక్కన పరీక్షించినచో ధరలోని తేడాకు గుణములోని తేడా యున్నదో లేదో మీకే తెలియును. అటుపిమ్మట కట్టుకొనువారి మాట వినుడు. చప్పుడగుచున్నదని, కుచ్చుచున్నదని వారన్నచో మన పరీక్ష లెక్కలోనికి రాదు.

రాత్రికి కొంచెమెక్కువ పీల్చునది కట్టి, పక్కపై పీల్చుషీటు నొకటి పఱచినచో, దుప్పట్లుతుకు చాకిరి తగ్గును. తడి తక్కువైనవారికి ఉతికి వాడుకొను లాగులు, షీట్లు కూడ గలవు. మొదట ధర యెక్కువైనను ఏడాదిలో మిగులు చూపును. వానిని బట్టలను మెత్తపఱచు ద్రవములలో ముంచరాదు, పీల్చుగుణము పోవును. వానకాలములో నారుటకు రెండుదినములు పట్టును గనుక రెండింటితో సరిపుచ్చుకొనుట కష్టము, నాలుగైన నుండవలయును.

ఎంత మంచిపట్టీయైనను మార్చవలసిన వేళకు మార్చకున్న చర్మము చెడును. మూత్రము నిలిచినచో నమోనియా పుట్టి, చర్మపు పైపొర మెత్తబడి, ఒరసికొని లేచిపోవును. మలము తగిలినచో నొక్క నిమిషమైనను ఆగరాదు. ఘాటైన సబ్బుతో తోమక, గోరువెచ్చని నీటితో కడిగి, ఆడువారికి ముందునుండి వెనుకకే తుడిచి, మెత్తనిగుడ్డతో నద్ది యార్పవలయును. పిమ్మట జింకు ఆక్సైడు లేపనమో, పెట్రోలియం జెల్లీయో పలుచగా రాయవచ్చును. మందముగా పూసినచో నది పట్టీ పైపొరకంటి తడిని దిగనీయదు. పౌడరు చల్లుట యలవాటే గాని, తడితో కలిసి గజ్జలలో ముద్దలు కట్టును; మానుటయే మంచిది. ఎఱుపు తగ్గక, చుట్టు చిన్నచిన్న పొక్కులు లేచినచో శిలీంధ్రము పట్టినదేమో వైద్యునికి చూపవలయును. కదలలేనివారిని పట్టీ పొడిగా నున్నను రెండుగంటల కొకమాఱు ప్రక్కకు త్రిప్పవలయును, లేనిచో పుండ్లుపడును.

వీనియన్నిటికంటె కష్టమైన పని మొదటిమాట యెత్తుట. సోదరీమణులారా, పదిమందిలో “అత్తయ్యగారికి డయపరు వేసితిరా” అని పిలిచి యడుగకుడు. ఒంటరిగా నున్నపుడు, దుప్పటి సంగతి తెలిసినట్లు గాక, “అత్తయ్యగారూ, మా అమ్మ ప్రయాణాలకి ఇది వాడుతోందట, మీరూ ఒకటి చూడండి” అని యొక ప్యాకెట్టు నామె పెట్టెలో పెట్టుడు. ఒకదినము వాడి, మఱుదినము వద్దన్నను వాదింపకుడు. మామగారితో నీ మాట కోడలు మాటాడుటకంటె కుమారుడు మాటాడుట నయము. కట్టుటయు మార్చుటయు సాధ్యమైనంతవఱకు కుమారుడే చేయవలయును. ఇది యాడువారి పని యని తప్పించుకొను మగవారు మనలో తక్కువవారు కారు. తలుపు మూసి, పైన దుప్పటి కప్పి, ఏమి చేయుచున్నామో చెప్పుచు మార్చినచో, మాట పడిపోయినవారి ముఖమున సయితము తేటదనము కనబడును.

ఖర్చును నెలకు లెక్కవేసికొనవలయును. దినమునకు మూడైనచో నెలకు తొంబది. ఒకదాని వెల ప్యాకెట్టు వెలను లోని సంఖ్యచే భాగించి చూచినగాని తేలదు. పెద్ద ప్యాకెట్టు ఎల్లప్పుడును చౌక కాదు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వైద్యపు డయపర్లపై వస్తుసేవల పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గింపబడినది. పాతధర ముద్రతోనున్న ప్యాకెట్టునకు తగ్గింపు ఇచ్చుచున్నారో లేదో యడుగుటలో తప్పులేదు.

వాడిన దానిని మరుగుదొడ్డిలో వేయరాదు. లోని పొడి నీటికి ఉబ్బి గొట్టము మూసికొనిపోవును. పెరటిలో కాల్చుటయు కూడదు, ప్లాస్టిక్కు పొగ విషము. మలమున్నచో దానిని ముందుగా దొడ్డిలో విదిల్చి, పట్టీని లోపలికి చుట్టి, దాని టేపులతోనే బిగించి, పాతపత్రికలో పొట్లము కట్టి, వంటింటి తడిచెత్తలో గాక వేఱుగా నుంచి పురపాలకపు బండివారికి నీయవలయును. పొట్లముపై నొక యెఱ్ఱని గుర్తు పెట్టినచో చెత్త వేఱుచేయు కూలివారు చేతితో విప్పక తప్పించుకొందురు.